నొసలు ముడివేయరాదు

జక్కుల కోమలకు చిన్నప్పటి నుంచి ఒక అలవాటు ఉంది. ఆలోచించేటప్పుడు నొసలు ముడిపడుతుంది. అందరికీ పడే మామూలు ముడి కాదు అది. రెండు కనుబొమలూ తాకుతాయా అన్నంత దగ్గరికి వచ్చి, మధ్యలో నిలువుగా రెండు గీతలు దిగుతాయి. తెలియనివాళ్లు చూస్తే ఈ పిల్లకు ఎవరో తీరని అన్యాయం చేశారనుకుంటారు.

వాళ్ల ఊరి బడిలో లెక్కల సార్ మాత్రం ఆ ముడి కోసమే కాచుకుని ఉండేవాడు. లెక్క ఇచ్చి, సుద్దముక్క కింద పెట్టి, చేతులు కట్టుకుని కోమల మొహం వైపు చూసేవాడు.

"పడ్డది. ఇగ ఎవలూ సప్పుడు చెయ్యకుండ్రి. జవాబు వస్తది," అనేవాడు.

వచ్చేది. నోటితో చెప్పేది మాత్రం కాదు. పదిమంది ముందు నోరు తెరవాలంటే కోమలకు గొంతులో ఏదో అడ్డం పడేది. లేచి వెళ్లి బోర్డు మీద రాసి, తలవంచుకుని వచ్చి కూర్చునేది.

ఆ ముడే ఆమెను జిల్లా కేంద్రంలోని విశ్వవిద్యాలయం దాకా లాక్కొచ్చింది. ఐదేళ్ల ఎమ్మెస్సీ గణితంలో సీటు వచ్చింది. అదే ముడి తనను అక్కడి నుంచి బయటికి తోసేంత పని చేస్తుందని ఆమె అనుకోలేదు. అనుకోకపోవడం ఆమె తప్పు కాదు. సరిగ్గా ఆ ఏడాదే విశ్వవిద్యాలయం ఆధునికమైంది.

అంతకు ముందు అక్కడ విద్యార్థికి గణితం అర్థమైందో లేదో పరీక్ష పెట్టి తెలుసుకునేవాళ్లు. అది చాలా మొరటు పద్ధతని ఆధునిక బోధనా కేంద్రం డైరెక్టర్ డాక్టర్ విశ్వపతి గారు ఒక వర్క్‌షాప్‌లో తెలుసుకుని వచ్చారు. అర్థమైన మనిషి మొహం ప్రశాంతంగా ఉంటుంది. అర్థం కానివాడి నొసలు ముడిపడుతుంది. కాబట్టి మొహం కొలిస్తే చాలు, మనసు కొలిచినట్టే. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదా అని విశ్వపతి గారు తిరుగు ప్రయాణంలో దారిపొడవునా ఆశ్చర్యపడ్డారట.

జూన్‌లో తరగతులు తెరిచేసరికి గణిత విభాగంలో నల్లబల్లలన్నీ గోడల నుంచి ఊడదీశారు. సుద్దపొడి మొహాల్లో చిరాకు పుట్టిస్తుందన్నది కారణం. ట్రాక్టర్ వచ్చింది, బల్లలు ఎక్కించారు, తీసుకుపోయారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. వాటి చోట తెల్లటి పెద్ద తెరలు వచ్చాయి. ఒక్కో తెర పైన నిమ్మకాయంత కెమెరా కన్ను. ఆ ఏర్పాటు మొత్తానికి 'ప్రసన్న' అని పేరు పెట్టారు. ప్రసన్నకు ఒక చల్లని ఆడగొంతు కూడా ఉంది.

ఉపకులపతి గారు రిబ్బను కత్తిరించి ప్రసంగించారు.

"ఏ విద్యార్థినీ వెనక వదిలిపెట్టరాదన్నది మన మహోన్నత సంకల్పం. విద్యార్థులందరి వదనాలూ ప్రసన్నంగా ఉన్నంతసేపూ పాఠం తనంతట తానే ముందుకు సాగుతుంది. ఏ ఒక్క వదనంలో అయోమయం పొడసూపినా, తక్షణమే పాఠం ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. విద్యార్థి పాఠాన్ని అందుకోలేనప్పుడు పాఠమే విద్యార్థి వద్దకు దిగి రావాలి. ఇందులో ఎక్కడా మానవ జోక్యానికి తావులేదని సగర్వంగా ప్రకటిస్తున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. హాల్లో కూడా ఒక కన్ను పెట్టి ఉండటంతో అందరి మొహాలూ చాలా ప్రశాంతంగా ఉన్నాయి.

మొదటి క్లాసు చిలువేరు సాంబయ్య సార్‌ది. జుట్టు సుద్దపొడి రంగుకు తిరిగేదాకా అదే గదిలో లిమిట్లు చెప్పిన మనిషి. అలవాటు కొద్దీ జేబులోంచి చాక్‌పీస్ తీశాడు. రాయడానికి బోర్డు లేదు. దాన్ని చేతిలోనే పట్టుకుని మొదలుపెట్టాడు.

"లిమిట్ అంటే బుగులు పడకుండ్రి. ఇది టైలర్ ముచ్చట. గిరాకీ వస్తది. నా జాకెట్టు ఇంతకన్న ఎక్కువ తేడా రావొద్దంటది. ఆ తేడా పేరు ఎప్సిలాన్. అంత తేడాతోని కుదరాల్నంటే, టేపు పట్టుడుల నేను ఎంతకన్న ఎక్కువ తప్పు చెయ్యొద్దో చూసుకుంట. అది డెల్టా. గిరాకీ మొండిది. ఎంత సన్న తేడా అడిగినా సరే, దానికి సరిపోను డెల్టా నేను చూపియ్యాలె. చూపిస్తే లిమిట్ ఉన్నట్టు. ఒక్క గిరాకీకి చూపియ్యకపోయినా లేనట్టు."

కోమల లోపల ఏదో కదిలింది. ఎంత సన్న తేడా అడిగినా అంటే, అడిగేవాళ్లకు అంతు లేదన్నమాట. అంతులేనంతమంది గిరాకీలకు ఒక్కడే టైలర్ జవాబు ఎట్లా చెప్తాడు? ఒక్కొక్కరికీ వేరువేరుగానా, లేక అందరికీ పనికొచ్చే ఉపాయం ఒకటి ఉంటుందా?

నొసలు ముడిపడింది.

టింగ్ మని గంట మోగింది. "దిగులు పడకండి," అంది ప్రసన్న. "ఒక మెట్టు వెనక్కి వెళ్దాం."

తెర మీద లిమిట్ పోయి, ప్రమేయాలు వచ్చాయి. క్లాసు మొత్తం అటూ ఇటూ చూసింది.

"అమ్మా, జర ఆగు. ఆ పిల్ల ఆలోచన చేస్తున్నది," అన్నాడు సాంబయ్య సార్ తెరతో.

టింగ్. ప్రమేయాలు పోయి సమితులు వచ్చాయి. ఈసారి ముడిపడింది సార్ నొసలు. ఆ గంట ఎవరి వల్ల మోగుతోందోనని పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూసుకునేటప్పుడు సహజంగానే మరికొన్ని నొసళ్లు ముడిపడ్డాయి. పీరియడ్ అయిపోయేసరికి తెర మీద అడ్డంగా ఒక గీత, దాని మీద వరసగా అంకెలు మాత్రం మిగిలాయి.

మర్నాడు కోమలకు డైరెక్టర్ గారి ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది.

విశ్వపతి గారు మంచి మనిషి. కూర్చోమన్నారు. మంచినీళ్లు తెప్పించారు. తర్వాత గోడ మీది తెరలో ఆమె మొహం పెద్దది చేసి చూపించారు. తన నొసలు అంత పెద్దగా కోమల ఎప్పుడూ చూడలేదు. అప్పుడే నాగలి తిప్పిన చెలకలా ఉంది.

"అమ్మాయీ, ఏ అంశం వద్ద నువ్వు అయోమయానికి లోనయ్యావు?"

"అయోమయం కాలే సార్."

"మరి ఇదేమిటి?"

"ఆలోచిస్తున్న సార్."

విశ్వపతి గారు ఆమె వైపు జాలిగా చూశారు. "ప్రసన్నలో రెండే స్థితులమ్మా. ప్రసన్నం, అయోమయం. ఆలోచన అనే గడి అందులో లేదు. కొనేటప్పుడు అడిగాం. అది వేరే ప్యాకేజీ అన్నారు."

ఆలోచించకుండా ఎట్లా అర్థమవుతుంది సార్ అని అడగాలనుకుంది కోమల. మాట గొంతు దాకా వచ్చి, ఎప్పటిలాగే అక్కడ ఆగింది.

"భయపడకు. నేను చెప్పేది ఒక్కటే. అర్థమైపోయినట్టు ఉండు. అర్థమవుతున్నట్టు ఉండకు," అన్నారు విశ్వపతి గారు. "ఇంకొంచెం కాలం నీ నొసలు ఇలాగే నమోదైతే, నిన్ను అయోమయ మూలంగా గుర్తించి ప్రసన్న బదిలీ ఉత్తర్వు ఇస్తుంది. పండ్ల నిల్వ డిప్లొమాకు. జాములు, స్క్వాషులు, టూటీ ఫ్రూటీలు. అది కూడా ఉపయోగకరమైన చదువే."

"ఆడ కెమెరా ఉండదా సార్?" ఎలాగో నోరు పెగిలింది.

"పండ్లకు వదనాలు ఉండవు కదమ్మా."

"మీరు జర ఆపరా సార్ ఆ ఉత్తర్వు?"

"నేనెవరిని ఆపడానికి? ఉపకులపతి గారి సంతకం ముందుగానే అందులో పెట్టించాం. పక్షపాతం ఉండకూడదని అప్పీలు కూడా తీసేశాం. చిన్నా పెద్దా తేడా లేదు, ఎవరి నొసలైనా ఒకటే."

హాస్టల్ గదికి వచ్చి కోమల మంచం మీద కూర్చుండిపోయింది. ఆమె గదిలో ఉండే పిల్ల పేరు ఫర్హానా. అదే క్లాసు. కోమల మాట్లాడవలసిన మాటలు కూడా కలిపి తనే మాట్లాడే మనిషి.

"ఏందే, గంత మొహం పెట్టినవ్? ఈ మొహం చూస్తే ఆ కన్ను మనల్ని ఏకంగ పుట్టుకకు ముందుకు పంపుతది."

"నన్ను పండ్ల కోర్సుకు పంపుతరంట."

"పంపనీ. నాకు జామ్ అంటే ఇష్టమే."

"నాకు లెక్కలు ఇష్టం," అంది కోమల. ఫర్హానా దగ్గరికి వచ్చి ఆమె నొసటి వైపు పరీక్షగా చూసింది.

ఫర్హానా ఉపాయాలు మర్నాటి నుంచే మొదలయ్యాయి. ముందు కోమల నొసటి మీద ఒక ప్లాస్టర్ అంటించింది. గీతలు కనపడకపోతే కన్ను ఏం చేస్తుందని ఆమె లెక్క. క్లాసు మొదలైన కాసేపటికి ప్రసన్న ప్లాస్టర్‌ను చూసింది. "విద్యార్థికి గాయమైంది. ఆందోళన వద్దు," అంది. హెల్త్ సెంటర్ నుంచి ఇద్దరు స్ట్రెచర్‌తో పరుగెత్తుకొచ్చారు. పదిమందిలో నోరు తెరవలేని మనిషి కాబట్టి కోమల దాని మీద పడుకునే వెళ్లింది.

"నేను మంచిగనే ఉన్న అంటే అయిపోతుండె కద," అంది ఫర్హానా, ఆమెను వెనక్కి తీసుకొస్తూ.

"అందామనుకున్న. అప్పటికే లేపిండ్రు."

ఇలాంటి ఇబ్బందులు మిగతా పిల్లలకూ రావడంతో విశ్వవిద్యాలయం ఒక కొత్త సబ్జెక్టు పెట్టింది. దాని పేరు 'ముఖ ప్రశాంతత: ఒకటి'. పాఠం చెప్పడానికి బజారులో పెళ్లికూతుళ్లను తయారుచేసే మేడాన్ని గణిత విభాగంలో అతిథి అధ్యాపకురాలిగా నియమించారు. ఆమె వచ్చి, చల్లటి దోసకాయ చక్రాలు పంచి, కనుబొమల మధ్య వేళ్లతో ఎలా పైకి రాయాలో నేర్పింది. పిల్లలకు అది బాగానే ఉంది. 'ముఖ ప్రశాంతత: రెండు' తీసుకోవాలంటే మాత్రం 'ఒకటి' పాసవ్వాలన్నారు. లిమిట్లు తీసుకోవాలంటే 'రెండు' పాసవ్వాలన్నారు.

ఇంతలో వెనక బెంచీ వాళ్లు ఒక సంగతి కనిపెట్టారు. పేరుకు మిగిలిన పరీక్షకు ముందురోజు తెర ఎక్కడ ఆగి ఉంటే సిలబస్ అక్కడి వరకే. ఇది నోటీసు బోర్డులో మొదటి నుంచీ ఉంది, ఎవరూ చదవలేదంతే. చదివిన రోజు నుంచి వాళ్లు నొసళ్లకు వంతులు వేసుకున్నారు.

"ఇయ్యాల నా వంతు రా. సమీకరణాలు దాటేస్త," అనేవాడొకడు.

"దాటేసి ఆడ్నే ఆపకు. భిన్నాల దాకా పో. మా అన్న పెళ్లుంది, చదువుడు కాదు," అనేవాడు ఇంకొకడు.

అప్పటిదాకా రోజూ కిందికీ పైకీ తిరుగుతున్న పాఠం ఇక దిగడమే మొదలుపెట్టింది. బోనాలు వచ్చేసరికి బీజగణితం దాటింది. భిన్నాల దగ్గర నటించాల్సిన అవసరం కూడా రాలేదు, అవి చూడగానే నిజంగానే చాలామంది నొసళ్లు ముడిపడ్డాయి. పాఠం అక్కడి నుంచి ఎక్కాల్లోకి జారింది. పదమూడో ఎక్కం అశాంతికి కారణమవుతోందని ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం బాగా శ్రమపడి, పదమూడుతో పాటు పదిహేడునూ పంతొమ్మిదినీ కూడా తొలగించమని సిఫారసు చేసింది.

వింత ఏమిటంటే, పాఠం దిగినకొద్దీ మొహాలు వికసించాయి. అవగాహన నూటికి తొంభై ఏడుకు చేరిందని విశ్వవిద్యాలయ పత్రికలో బొమ్మలతో సహా వేశారు. పక్క విభాగాల వాళ్లు చూడటానికి వచ్చారు. రసాయనశాస్త్రం వాళ్లు అసూయపడి, తమకూ ఒక కన్ను కావాలన్నారు.

ఈ సంతోషంలో కలవని మొహం సాంబయ్య సార్‌ది ఒక్కటే.

ఆయన ఎమ్మెస్సీ విద్యార్థుల ముందు నిలబడి ఏడో ఎక్కం చెప్పేవాడు. "ఏడొకట్ల ఏడు. ఏడ్రెండ్ల పద్నాలుగు." పిల్లలు ప్రశాంతంగా వల్లించేవాళ్లు. ఒకరోజు మధ్యలో ఆగి, తెర మీది ఏడు వైపు తిరిగాడు.

"ఈ ఏడును చూసిండ్రా? దీన్ని ఒకటీ, అదీ తప్ప వేరే ఏ సంఖ్యా సరిగ్గ భాగించదు. మూడు అట్లాంటిదే. పదకొండు అట్లాంటిదే. ఇసొంటివి ఎన్ని ఉంటయి? పోంగ పోంగ ఒకకాడ అయిపోతయా, అయిపోవా? అయిపోతయనుకుందాం. అన్నింటినీ తెచ్చి ఒకదాన్నొకటి గుణించి..."

అంటూ అంటూ ఆయన కళ్లు మెరిశాయి. నొసలు ముడిపడింది. తెలియక పడిన ముడి కాదని, ఎంతోకాలంగా ఆకలిగా ఉన్న మనిషి విస్తరి ముందు కూర్చున్నట్టు పడిన ముడని కోమలకు తెలిసింది. కన్నుకు తెలియలేదు.

టింగ్. "దిగులు పడకండి. అయోమయ మూలం గుర్తించబడింది," అంది ప్రసన్న. తలుపు పక్కన పెట్టిన ప్రింటర్ మిషన్ లోంచి ఒక కాగితం జారింది. సాంబయ్య సార్‌ను పండ్ల నిల్వ విభాగానికి బదిలీ చేశారు. కింద ఉపకులపతి గారి సంతకం ఉంది. ఉపకులపతి గారు ఆ సమయంలో వేరే ఊళ్లో సన్మానంలో ఉన్నారు.

సార్ చాక్‌పీసుల డబ్బా చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర కోమల నిలబడి ఉంది.

"ఊకో బిడ్డా. కాయితం వచ్చింది నాకు గద," అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నువ్వు మాత్రం ఆ ముడి పోగొట్టుకోకు."

కోమలకు భయం వేసింది. సార్ అంతటివాణ్నే పంపించిన కన్ను తనను వదులుతుందా? ముడి పోగొట్టుకోవద్దంటే ఉంచుకునేది ఎక్కడ? ముడి ఉంటే గణితం ఉండదు. ముడి లేకపోతే గణితం క్లాసులో ఉండవచ్చు. ఆమె రెండోది ఎంచుకుంది.

దారి ఫర్హానాయే చెప్పింది. "క్లాసు మొదలు కాంగనే హాస్టల్ ఉప్మా గురించి అనుకో. దాని మీద ఆలోచన చేసేటందుకు ఏముండదు."

అది పనిచేసింది. కోమల ఉప్మాను తలచుకుని కూర్చునేది. మొహం గచ్చులా నునుపుగా ఉండేది. కొద్దికాలానికి ఉప్మా కూడా అవసరం లేకపోయింది. విశ్వపతి గారు ఆమె పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి గేటు దగ్గర పెద్ద పోస్టర్ కట్టించారు. చెలక నొసలు, గచ్చు నొసలు. కింద 'మార్పు సాధ్యమే' అని రాయించారు. ఇక ఆమెను పండ్ల కోర్సుకు పంపుతారన్న భయం లేదు.

బతుకమ్మ సెలవులకు ఊరికి వెళ్లింది. బస్టాండులోనే ఊరి బడి లెక్కల సార్ ఎదురయ్యాడు. విశ్వవిద్యాలయంలో చదివే తన శిష్యురాలిని చూసి ఆయన మొహం విప్పారింది. సంచి కింద పెట్టాడు.

"బిడ్డా, నీకోసం ఒకటి దాచిపెట్టిన. ఒకటి కన్న చిన్న సంఖ్యలున్నయి గద. అర, ముప్పావు, ఇంకా అట్ల. అండ్ల అన్నిటికన్న పెద్దది ఏది?"

అడిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కోమల ఆలోచించబోయింది. అలవాటుగా ఉప్మా వచ్చింది. పక్కకు నెట్టింది. మళ్లీ వచ్చింది. ఒక బస్సు పోయింది, ఇంకో బస్సు వచ్చింది. ముడి పడలేదు. జవాబూ రాలేదు.

సార్ చేతులు మెల్లగా విప్పుకున్నాడు. "పాణం బాగలేదా బిడ్డా?" అని అడిగాడు. ఆమె నొసటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరమేమీ లేదు. చల్లగా ఉంది.

తిరిగి వచ్చాక కోమల అద్దం ముందు కూర్చుని, వేళ్లతో కనుబొమల్ని దగ్గరికి లాగి చూసుకుంది. వదిలేస్తే మళ్లీ నునుపు.

"పోయిందే," అంది ఫర్హానాతో. "లెక్కల క్లాసు మిగిలింది. లెక్కలు పోయినయి."

డిసెంబరులో విశ్వవిద్యాలయాన్ని తనిఖీ చేసి గ్రేడు ఇవ్వడానికి మూల్యాంకన బృందం వచ్చింది. గణిత విభాగమే ముందు చూపించాలని నిర్ణయించారు. గోడలకు సున్నం వేశారు, కారిడార్లలో 'నొసలు ముడివేయరాదు' అని బోర్డులు పెట్టారు. ఆ వేళకు పాఠం ఎక్కాలు కూడా దాటి, కూడికలు దాటి, అంకెల మీదుగా దిగి, తెర మీద ఒకే ఒక్క అంకె దగ్గర ఆగింది. ఒకటి.

బృందం అధ్యక్షుడు కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇది ఏ తరగతి?"

"ఐదేళ్ల ఎమ్మెస్సీ, మొదటి సంవత్సరం. ఇది కలన గణితం క్లాసండీ," అన్నారు విశ్వపతి గారు.

"తెర మీద ఒకటి ఉంది."

"మూలాల నుంచి బోధన. అవగాహన నూటికి నూరు."

"బాగుంది," అన్నాడు అధ్యక్షుడు. మిగతా ఇద్దరు సభ్యులు కూడా బాగుందన్నారు.

ఉపకులపతి గారు కోమలను ముందుకు పిలిచారు. "ఈ బాలిక ఒకప్పుడు మా విభాగపు అత్యంత ప్రధానమైన అయోమయ మూలం. నేడు ఈమె వదనాన్ని తిలకించండి. అమ్మా, తెర వైపు చూసి పెద్దలకు చెప్పు. ఒకటి సంపూర్ణంగా అవగతమైందా?"

కోమల తెర వైపు చూసింది. తెల్లటి తెర మీద నల్లగా, తన ఎత్తున, ఒక్కటే ఒక్క ఒకటి. ఇన్ని నెలల్లో దాన్ని ఒంటరిగా ఎప్పుడూ చూడలేదు. దాని ఎడమవైపు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో, ఒకటికి ఆనుకుని ఏముంటుంది? బస్టాండులో సార్ చేతులు విప్పుకోవడం గుర్తొచ్చింది. ఉప్మాను పిలిచింది. రాలేదు.

ముప్పావు అనుకుంటే, దానికీ ఒకటికీ నడుమ ఇంకోటి ఉంది. ఆ ఇంకోటి అనుకుంటే, దానికీ ఒకటికీ నడుమ మరొకటి. ఎవరు ఏది తెచ్చి ఇదే పెద్దదన్నా, దానికీ ఒకటికీ సరిగ్గా నడుమనున్నది చూపిస్తే చాలు. ఎంతమంది వచ్చినా అదే జవాబు. అంతులేనంతమంది గిరాకీలు, ఒక్కటే ఉపాయం.

నొసలు ముడిపడింది. నెలల తరబడి ఆగి ఆగి పడిన ముడి. రెండు గీతలూ మునుపటి కంటే లోతుగా దిగాయి.

టింగ్. "దిగులు పడకండి. ఒక మెట్టు వెనక్కి వెళ్దాం." తెర మీద ఒకటి పోయి సున్నా వచ్చింది.

"అమ్మాయీ," అన్నారు విశ్వపతి గారు లోగొంతుకతో. "పోస్టరు. పోస్టరు గుర్తు తెచ్చుకో."

"అవగతమైందా లేదా?" అన్నారు ఉపకులపతి గారు.

కోమల ఆయన వైపు తిరిగింది. గొంతులో ఎప్పుడూ అడ్డంపడేది ఆ పూట ఎందుకో దారి ఇచ్చింది.

"కాలే సార్. ఇప్పుడే మొదలైంది."

టింగ్. సున్నా కూడా పోయింది. తెర తెల్లగా మిగిలింది. "దిగులు పడకండి. వెనక్కి వెళ్లడానికి మెట్లు లేవు. ఇక మిగిలింది బదిలీ," అంది ప్రసన్న.

దాని గొంతులో మార్పేమీ లేదు. కానీ ఆ మాట విని విశ్వపతి గారి నొసలు ముడిపడింది. విశ్వపతి గారిని చూసి ఉపకులపతి గారి నొసలు ముడిపడింది. గదిలో కన్ను ఒకటే, దానికి చిన్నా పెద్దా లేదు. మిషన్ లోంచి వరసగా మూడు కాగితాలు జారాయి. ఒకటి కోమలకు. రెండోది విశ్వపతి గారికి. మూడోది ఉపకులపతి గారికి, కింద ఉపకులపతి గారి సంతకంతోనే.

"ఇది తప్పిదం. ఈ ఉత్తర్వును నేను తక్షణమే రద్దు చేస్తున్నాను," అన్నారు ఉపకులపతి గారు.

"మానవ జోక్యం కుదరదండీ," అన్నారు విశ్వపతి గారు నీరసంగా. "అప్పీలు కూడా తీసేశాం."

నాలుగో కాగితం ఫర్హానాది. ఆమె నొసలు ఎవరినీ చూసి ముడిపడలేదు. రెండు చేతులతో గట్టిగా పట్టి తనే ముడివేసుకుని, కన్నుకు ఎదురుగా వెళ్లి నిలబడింది.

బృందం సభ్యులు దూరంగా వెళ్లి, మొహాలు ప్రశాంతంగా ఉంచుకుని, చర్చించుకున్నారు. సొంత ఉపకులపతిని సైతం ఉపేక్షించని వ్యవస్థ తాము ఎక్కడా చూడలేదని రాసి, అన్నిటికన్నా పై గ్రేడు ఇచ్చి వెళ్లారు. ఖాళీ తెర ముందు మిగిలిన విద్యార్థుల మొహాల్లో ఆ రోజు నుంచి ఎలాంటి అయోమయమూ నమోదు కాలేదు. రాబోయే ఏడాది రసాయనశాస్త్రానికి కూడా ఖాళీ తెర మంజూరైంది.

పండ్ల నిల్వ విభాగం విశ్వవిద్యాలయానికి చివరన, పొడవాటి రేకుల షెడ్డులో ఉంది. కోమల, ఫర్హానా వెళ్లేసరికి లోపల చక్కెర పాకం వాసన. గోడల వెంట బొప్పాయి ముక్కలు ఎర్రగా, పచ్చగా ఆరబెట్టి ఉన్నాయి. వాటిని ఆరబెట్టిన పళ్లేలు మామూలు పళ్లేలు కావు. పెద్దవి, నల్లవి, చెక్క చట్రాలతో ఉన్నాయి. జూన్‌లో ట్రాక్టర్ ఎక్కించుకుపోయిన నల్లబల్లలు.

ఒక బల్ల మీది ముక్కలు పక్కకు ఊడ్చి, గోడకు నిలబెట్టి ఉంది. దాని నిండా ఏవేవో రాసి, చెరిపి, మళ్లీ రాసి ఉన్నాయి. దాని ముందు బకెట్లు బోర్లించుకుని ఏడెనిమిది మంది కూర్చున్నారు. అందరూ సాంబయ్య సార్ వెనకే ఒక్కొక్కరుగా గణితం నుంచి బదిలీ అయినవాళ్లే. అందరి నొసళ్లూ చెలకల్లా ఉన్నాయి.

"వచ్చినవా?" అన్నాడు సాంబయ్య సార్, చేతికంటిన పాకం తుడుచుకుంటూ. "నీకోసమే లిమిట్ ఆడ ఆపిన."

షెడ్డు ఆ చివర పొయ్యి దగ్గర ఉపకులపతి గారు చిన్న స్టూలు మీద కూర్చుని బొప్పాయి చెక్కు తీస్తున్నారు. విశ్వపతి గారు గరిటె పట్టుకుని పాకం సంసిద్ధతా సూచిక గురించి వంటాయనకు వివరిస్తున్నారు. వంటాయన వింటూనే గరిటె తీసుకుని తనే కలుపుకుంటున్నాడు.

ఫర్హానా ఒక ఆరిన బొప్పాయి ముక్క నోట్లో వేసుకుంది. "అరె, దీనికి చాక్‌పీస్ రుచి వస్తున్నది," అంది. ఇంకోటి వేసుకుంది.

కోమల బల్ల దగ్గరికి వెళ్లింది. సుద్దముక్క తీసుకుని, ఒకటి కన్నా చిన్న సంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దది ఎందుకు ఉండదో నాలుగు వరసల్లో రాసింది. ఊరికి పంపడానికి ఎవరైనా ఫోన్‌తో ఫోటో తీయమని అడిగింది. అందరూ వింటుండగానే, నోటితోనే అడిగింది.

సాంబయ్య సార్ ఆ నాలుగు వరసలూ చదివాడు. మళ్లీ చదివాడు. చెరపలేదు. వాటి కింద మిగిలిన జాగాలో ఒక ప్రమేయం రాసి, పక్కన ఎప్సిలాన్ పెట్టాడు.

"గిరాకీ వచ్చింది బిడ్డా. శానా మొండిది. డెల్టా చూపియ్యి."

కోమల బల్ల వైపు చూసింది. పొయ్యి మీద పాకం గుబగుబమంటోంది. రెండు కనుబొమలూ మెల్లగా దగ్గరికి వచ్చాయి.

సాంబయ్య సార్ సుద్దముక్క కింద పెట్టి, చేతులు కట్టుకున్నాడు. "ఇగ ఎవలూ సప్పుడు చెయ్యకుండ్రి," అన్నాడు.

ఉపకులపతి గారు కూడా కత్తి ఆపారు.